మంచం పక్కన పాఠం

ధర్మవరం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం నా ముందు ఉంది. ఆమె తల్లికి రొమ్ము కేన్సర్ ముదిరి వెన్నెముకకు పాకింది. బెంగుళూరులో చూసి, ఇంటికి తీసుకువెళ్ళమని చెప్పి, నొప్పికి మార్ఫిన్ బిళ్ళలు ఇచ్చి పంపారు. "అవి అలవాటైపోతాయని, వేస్తే తొందరగా పోతుందని బంధువులు అంటున్నారు. అమ్మ రాత్రంతా మూలుగుతోంది. బిళ్ళ చేతిలో పట్టుకుని కూర్చుంటున్నాను. ఏం చేయమంటారు?" అని అడిగారు.

వేయండమ్మా. డాక్టరు రాసిన మోతాదులో, రాసిన వేళకు వేయండి. వివరాలు కింద చెబుతాను. కాని ఈ మాట ఇంత ధైర్యంగా చెప్పడం నాకు చాలా ఆలస్యంగా వచ్చింది.

నేను ఎం.బి.బి.ఎస్. చదివిన 1990లలో గుండె చప్పుడు వినడం నేర్పారు, కాలేయం తడిమి చూడడం నేర్పారు. నయం కాని రోగితో ఏం మాట్లాడాలో ఎవరూ నేర్పలేదు. ఆ మంచం దగ్గరికి వచ్చేసరికి రౌండ్స్ వేగం పెరిగేది. ఉద్యోగంలో చేరాక నేనూ అంతే. "ఇంటికి తీసుకువెళ్ళమని చెప్పడమైనది" అని కేస్ షీటులో రాసి సంతకం పెట్టేవాణ్ణి. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్లో కూలి చేసే ఒకాయన అప్పుడు నన్నడిగాడు: "పొమ్మంటే పోతాను సార్. ఈ నొప్పిని యాడ పెట్టుకోవాల?" నొప్పి సూది ఒకటి వేయించి పంపేశాను.

కొన్నేళ్ళకు పాలియేటివ్ కేర్‌లో, అంటే ఉపశమన వైద్యంలో, శిక్షణకు వెళ్ళే అవకాశం దొరికింది. నాకు నేర్పిన గురువు తన పేరు రాయవద్దన్నారు కనుక రాయను. నాకంటే పదేళ్ళు చిన్నవారు. మొదటిరోజు వార్డులోకి రాగానే స్టూలు లాక్కుని రోగి పక్కన కూర్చున్నారు. మేము ఆరుగురం బారులుగా నిలబడితే మమ్మల్నీ కూర్చోమన్నారు. రోగి మగ్గం నేసే మనిషి, దవడ కేన్సర్. "రాత్రి నిద్ర పట్టిందా?" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకున్నారు. ఆ ఊరుకోవడం భరించడం మాకు కష్టమైంది. నా పక్కనున్న కుర్ర డాక్టరు ఏదో అడగబోతే చేత్తో వారించారు. కాసేపటికి రోగి మొదలుపెట్టాడు. నొప్పి సంగతి చెప్పాడు. పుండు వాసనకు మనవరాలు దగ్గరికి రావడం లేదన్నాడు. షావుకారు దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరలేదన్నాడు.

బయటికి వచ్చాక గురువుగారు రోగమేమిటని అడగలేదు. "ఆయన చెప్పిన బాధలు ఆయన మాటల్లోనే చెప్పండి" అన్నారు. ఆరుగురిలో నలుగురం నొప్పి ఒక్కటే చెప్పాం. వాసన సంగతి ఒక్కరికీ గుర్తులేదు. మెట్రోనిడజోల్ బిళ్ళ మెత్తగా పొడిచేసి అటువంటి పుండుమీద చల్లితే వాసన తగ్గుతుందని ఆరోజే తెలుసుకున్నాను. ఎంత చవక మందు! కొద్దిరోజులకు ఆ పిల్ల తాత మంచం మీద కూర్చుని ఉంది.

ఇంకో పాఠం చెప్పడానికి కొంచెం సిగ్గు. చెడువార్త చెప్పడం మాచేత నాటకంలా వేయించారు. ఒక నర్సమ్మ రోగి కూతురుగా కూర్చుంది. అన్నేళ్ళ సర్వీసున్న నేను ఆమె ముందు నోరు మెదపలేకపోయాను. గురువుగారు నవ్వలేదు. "మళ్ళీ చేద్దాం సార్" అన్నారు. నాలుగుసార్లు చేయించారు.

ఈ బోధనకు ఒక వంశవృక్షం ఉంది. నర్సుగా మొదలై, ఆస్పత్రిలో సామాజిక కార్యకర్తగా పనిచేసి, ఆ తరువాత డాక్టరైన సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. శరీరం నొప్పిలో మనసు బాధ, ఇంటి బాధ కలిసి ఉంటాయని లోకానికి నేర్పింది ఆమే. మన దేశంలో 1993లో కాలికట్ మెడికల్ కాలేజీలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, సహచరులు ఈ పని మొదలుపెట్టారు. ఆయనకు 2018లో పద్మశ్రీ వచ్చింది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. కేన్సర్ ఆస్పత్రిలో 2006 నుంచి డాక్టర్ గాయత్రి పాలట్ ఈ విభాగాన్ని పెంచారు. జిల్లాల డాక్టర్లు, నర్సులు అక్కడ నేర్చుకున్నారు. 2019లో చేరిన విద్యార్థుల నుంచి రోగితో మాట్లాడే తీరు ఎం.బి.బి.ఎస్.లో పాఠ్యాంశమైంది. పుస్తకంలోకి వచ్చింది సరే, స్టూలు లాక్కుని కూర్చుని చూపించే పంతుళ్ళు ఏరీ? హిందూపురం, పెనుకొండ వైపు కుర్ర డాక్టర్లు నా దగ్గరికి వస్తే నాకు చేతనైనంత చూపిస్తున్నాను. ముందు స్టూళ్ళు వెతుక్కోవాలి, అదొక తంటా.

ఇక మీ అమ్మగారి సంగతి. మామూలు మార్ఫిన్ బిళ్ళ సాధారణంగా నాలుగు గంటలకొకటి. నొప్పి వచ్చేదాకా ఆగకండి, గడియారం చూసి వేయండి. కేన్సర్ నొప్పికి సరైన మోతాదులో ఇస్తే వ్యసనమయ్యేది అరుదు, ప్రాణం తీయదు. మొదటి రెండుమూడు రోజులు మగత, వికారం ఉండవచ్చు. మలబద్ధకం మాత్రం దాదాపు అందరికీ వస్తుంది, దానంతట అది పోదు. సునాముఖి కలిసిన మందో, బిసాకోడిల్ బిళ్ళో మొదటిరోజు నుంచే రాయమని డాక్టరును అడగండి. లేపినా లేవకపోయినా, ఊపిరి మరీ నెమ్మదించినా వెంటనే చూపించండి. మీ అంతట మీరు మందు హఠాత్తుగా మానవద్దు. పిల్లలకు అందకుండా తాళంలో పెట్టండి.

ఒక హెచ్చరిక. కేన్సర్ వెన్నెముకలో ఉంది కనుక కాళ్ళు పట్టు తప్పినా, తిమ్మిరెక్కినా, మూత్రం బిగిసినా మరుసటిరోజు దాకా ఆగకుండా కేన్సర్ ఆస్పత్రికి తీసుకువెళ్ళాలి. ఆలస్యమైతే కాళ్ళు పోతాయి. ఎముక నొప్పికి రేడియేషన్ పెడితే, కొందరికి ఒక్కసారితోనే, బాగా తగ్గుతుంది. అదీ అడగండి.

మార్ఫిన్ అన్ని షాపుల్లో దొరకదు. 1985 చట్టం కింద లైసెన్సుల చిక్కులుండేవి. 2014 సవరణతో కొంత సులువైంది. కనుక బిళ్ళలు అయిపోకముందే బయలుదేరండి. రోగిని రైలెక్కించకుండా కేస్ షీటుతో మీరు వెళితే ఇస్తారేమో ముందే కనుక్కోండి. ఇంట్లో చూసుకోవడం కష్టమైతే, 1994లో మొదలైన కరుణాశ్రయ బెంగుళూరులోనే ఉంది. ముదిరిన కేన్సర్ రోగులను ఉచితంగా చూస్తారు.

ఒక చీటీ పెట్టుకోండి. నొప్పి ఎప్పుడు వచ్చింది, పదికి ఎంత, బిళ్ళ ఎన్ని గంటలకు వేశారు, నిద్ర పట్టిందా, విరేచనమైందా రాయండి. డాక్టరు ఆ చీటీ చూడకుండా మందు రాయబోతే, మళ్ళీ ఆయన చేతిలోనే పెట్టండి.