హుక్కు ఊడితే రవిక కొనాలా?

కిందటేడు శ్రావణమాసంలో, జోరున వాన కురుస్తుండగా, మా కారు ఎడమవైపు అద్దం టక్కుమని తలుపులోకి దిగిపోయింది. ఆ పక్కన కూచున్నది మా అమ్మ. 76 ఏళ్ల మనిషిని కళ్ల డాక్టరుకి చూపించి తీసుకొస్తున్నాం. ఇంటికొచ్చేసరికి ఆవిడ నిలువునా తడిసిపోయింది. మూడు రోజులు జ్వరం. ఈ నాలుగు ముక్కలూ రాయడానికి కారణం ఆ జ్వరమే. లేకపోతే బి.ఏ.లో తెలుగూ చరిత్రా చదివి, నవలలు రాసుకునేదానికి కారు విడిభాగాలతో ఏం పని చెప్పండి?

మర్నాడు షోరూముకి వెళ్లాం. టై కట్టుకున్న కుర్రవాడు కంప్యూటర్లో చూసి, “అసెంబ్లీ మొత్తం మార్చాలి మేడమ్. 6,400. లేబర్ విడిగా. స్టాకు లేదు, పది రోజులు పడుతుంది” అన్నాడు.

“ఇంతకీ విరిగిందేమిటి బాబూ?”

తలుపు విప్పి చూపించాడు. అద్దాన్ని పట్టుకుని పట్టీ మీద పైకీ కిందకీ జారే ప్లాస్టిక్ ముక్క. అగ్గిపెట్టెలో సగం లేదు. మోటారు బాగుంది. తీగ బాగుంది. పట్టీ బాగుంది.

“అయితే ఈ ముక్కొక్కటీ ఇవ్వరాదూ?”

“విడిగా రాదు మేడమ్.”

రవికకి హుక్కు ఊడితే కొత్త రవిక కొనుక్కోమన్న దర్జీ దగ్గరికి మళ్లీ వెళతామా? మరి కారు దగ్గరికొచ్చేసరికి తలాడించి డబ్బు కట్టేస్తామేం? తలుపు లోపల ఏముందో మనకి తెలియదు గనక. ఆ 6,400 ప్లాస్టిక్ ఖరీదు కాదు, మన తెలియనితనం ఖరీదు.

మంచం మీదున్న మా అమ్మ సంగతంతా విని, “గ్రైండరు బెల్టు తెగితే గ్రైండరు పారేశామటే? ఆ ముక్కేదో మీరే చెక్కండి. అదిగో, నా కూరల పలక కొయ్యండి” అంది. తెల్లటి పాలిథిన్ పలక. గట్టిది, పైగా నున్నగా జారే గుణం దానికి పుట్టుకతోనే ఉంది. సరిగ్గా కావలసింది అదే!

నిజం దాచను. మొదటి ముక్క పలచనైంది. రెండోదానికి బెజ్జం పక్కకి పోయింది. మూడోది పట్టీలో బిగుసుకుపోయింది. నాలుగోది కుదిరింది. ఖర్చు: ఒక ఆదివారం, రెండు హాక్సా బ్లేడ్లు, మావారి బొటనవేలి మీద గాటు, మా ఇద్దరి మధ్య ఓ చిన్న యుద్ధం. ఇంట్లో చేసుకోవడం ఉత్తినే అయిపోతుందని ఎవరన్నా అంటే నమ్మకండి. అయినా 6,400 కాలేదు.

“భద్రత మాటేమిటమ్మా?” అంటారు కంపెనీవారు. ఒప్పుకున్నాను. బ్రేకులూ, స్టీరింగూ, ఎయిర్‌బ్యాగులూ ఇంట్లో చెక్కుకునేవాడు మూర్ఖుడు. బ్రేకు పడకపోతే తడిసేది చీరకాదు, ప్రాణం పోతుంది. కానీ అద్దం జారే ముక్కకీ అదే బెదిరింపా? గోటితో పోయేదానికి గొడ్డలి చూపించడం కాదూ ఇది!

“అచ్చు పోయించాలంటే లక్షలవుతాయి” అంటారు. నిజమే. కానీ ఆ అచ్చు మీ దగ్గర ఇప్పటికే ఉందిగా! మీ అసెంబ్లీలో కూర్చునే ముక్క దాంట్లోంచి ఊడిపడుతున్నదేగా! అదే ముక్కని చిన్న సంచీలో వేసి అమ్మడానికి చేతులెందుకు రావు?

ఇదేదో నా ఒక్కదాని ఏడుపు కాదు. 2014 ఆగస్టులో మన కాంపిటిషన్ కమిషన్, విడిభాగాలని బయటి మెకానిక్కులకి అందనివ్వడం లేదని 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఆ తరవాత ట్రిబ్యునళ్లూ, కోర్టులూ, వాదోపవాదాలూ మామూలే. ఏ ఊళ్లో చెట్టుకింద మేస్త్రీ అయినా విప్పి బిగించగలిగిన అంబాసిడర్ తయారీ ఆగిపోయిందీ ఆ ఏడే. 2022 డిసెంబరులో కేంద్రప్రభుత్వం రిపేరు హక్కు పేరుతో ఒక పోర్టల్ కూడా తెరిచింది. హక్కని పేరు పెట్టినంత మాత్రాన ముక్క చేతికొస్తుందా?

అయ్యా కంపెనీవారూ, మేం అడిగేది ధర్మం కాదు, బేరమూ కాదు. విరిగిన ముక్క విడిగా అమ్మండి. దాని ధర నలుగురికీ కనిపించేలా పెట్టండి. అమ్మలేకపోతే కొలతలన్నా చెప్పండి, ఆటోనగర్ లేతు మిషన్ల దగ్గర చేయించుకుంటాం. పదిరోజులు ఆగమని చెప్పి, ముసలివాళ్లని వానలో తడపకండి.

మా నాలుగో ముక్క ఈ ఏడు వానలకి కూడా నిలబడింది. “కంపెనీవాడు వారంటీ ఇవ్వడుగా అత్తయ్యగారూ” అని మావారు ఎగతాళి చేస్తే, మా అమ్మ అద్దం పైకెత్తుకుంటూ అంది:

“ఆ పలక మీద పదిహేనేళ్లు కందగడ్డలు తరిగాను నాయనా. వారంటీ నేనిస్తాను, పోనీ!”