పట్టాలో పేరు సరే, ప్లానులో మాటేదీ?

ఆర్కిటెక్టు గొప్పతనాన్ని కట్టిన భవనాలను బట్టి లెక్కిస్తారు. కట్టనివ్వని భవనాల సంగతేమిటి? స్త్రీల విషయంలో ఈ ప్రశ్న వేసి తీరాలి.

మా సంఘంలో తిరుగుతూ పెరిగిన ఒక అమ్మాయి ఆర్కిటెక్చర్ చదివి, అనంతపురం జిల్లాలోని చిన్న పట్టణానికి సినిమా హాలు ప్లాను గీసింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మాది. అందుకే కప్పు మీద పడ్డ ప్రతి చుక్కా తొట్టిలో చేరేట్టు గీసింది. చంటిబిడ్డల తల్లులకు వెనక అద్దాల గది, ఆడవాళ్ళకు వెలుతురున్న చోట మరుగుదొడ్లు పెట్టింది. స్థలం యజమాని వాస్తు సిద్ధాంతిని అడిగాడు, మేస్త్రీని అడిగాడు, చివరికి ఫంక్షన్ హాలు కట్టాడు. ఆ అమ్మాయి ఇప్పుడు బెంగుళూరులో, వేరేవాళ్ళ సంతకంతో వెళ్ళే ప్లాన్లు గీస్తోంది.

అనుభవం లేని పిల్ల కదా అనేవారికి జహా హదీద్ సంగతి చెబుతాను. 1950లో బాగ్దాద్‌లో పుట్టి లండన్‌లో స్థిరపడిన ఆర్కిటెక్టు ఆమె. 1983లో హాంకాంగ్ పోటీలో గెలిచింది. ఆ భవనం కట్టలేదు. 1994లో వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో సంగీత నాటకశాల పోటీ గెలిచింది. గెలిచాక కూడా ఆమె డిజైనును మరికొందరి డిజైన్లతో మళ్ళీ పోల్చారు. మళ్ళీ ఆమెదే ఎంపికైంది. అయినా 1995 డిసెంబరులో లాటరీ నిధులు పంచే కమిషన్ డబ్బివ్వలేదు. అదే నగరంలో రగ్బీ స్టేడియానికి మాత్రం ఇచ్చింది. స్త్రీ కావడమొక్కటే కారణమని నేననను. కానీ అదే మనిషి 2004లో ప్రిట్జ్‌కర్ బహుమతి పొందిన మొదటి స్త్రీ అయింది. 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఆమె సంగీత నాటకశాల తెరుచుకుంది. లోపం గీతలో లేదు. డబ్బూ, స్థలమూ, నిర్ణయమూ ఎవరి చేతిలో ఉన్నాయన్నదే అసలు విషయం.

మన దగ్గరా అంతే. ఇటుకలు, ఇసుక తట్టలు మోసేది స్త్రీలు. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ కట్టించిన ఇళ్ళు స్త్రీల పేరున ఉన్నాయి. ప్రభుత్వం ఇచ్చే ఇళ్ళ పట్టాలూ స్త్రీల పేరునే వస్తున్నాయి. ఇది చిన్న విజయం కాదు. అయితే పొయ్యి ఏ మూలన ఉండాలి, స్నానానికి చాటు ఎక్కడ కావాలి అని ప్లాను గీసే ముందు ఎంతమంది ఆడవాళ్ళను అడుగుతున్నారు?

ప్రజల డబ్బుతో కట్టే ప్రతి భవనం ప్లానునూ ముందుగా స్త్రీల సంఘాలకు చూపాలి. వాళ్ళ అభ్యంతరాలు విన్నాకే ఆమోదించాలి. సినిమా హాలుకైనా, బస్టాండుకైనా ఆడవాళ్ళ మరుగుదొడ్లు చూడకుండా అనుమతి ఇవ్వకూడదు. ప్లాను గీసిన స్త్రీ పేరు ప్లాను మీద ఉండాలి. రాబోయే గ్రామసభల్లో, మున్సిపల్ సమావేశాల్లో ఈ డిమాండ్లను మనమే లేవనెత్తాలి.