పరిశోధనకు పేరయ్యలు

పెండ్లిళ్ల పేరయ్య యనగానే మనకు నవ్వు వచ్చును. ఇరుపక్షముల గుట్టుమట్టులు తెలిసినవాడు, ఏ పక్షమునకును పూర్తిగా నమ్మదగనివాడు, అయినను ఆతడు లేనిదే ముహూర్తము కుదరదు. ప్రయోగశాలలో పుట్టిన జ్ఞానమును కార్ఖానా గడప యెక్కించు ఉద్యోగికిని విశ్వవిద్యాలయములలో ఇంచుమించు ఇదే మర్యాద జరుగుచున్నది: ఆచార్యుల కంటికి ఆతడు వర్తకుడు, వర్తకుల కంటికి దస్త్రములు మోయు గుమాస్తా. ఇట్టివారు తమదియు ఒక వృత్తియే యనియు, దానికొక శిక్షణ, ఒక నియమము ఉండవలెననియు తలచి కట్టుకొన్న సంఘము బ్రిటనులోని ప్రాక్సిస్ ఆరిల్.

ఈ వృత్తికి ఆ దేశమున మూలము ఒక పశ్చాత్తాపము. ఆక్స్‌ఫర్డులో ఫ్లోరీ, చెయిన్ ప్రభృతులు పెనిసిలినును ఔషధముగా తీర్చినపుడు, దానికి పేటెంటు తీసికొందమని చెయిన్ పట్టుపట్టగా, ప్రాణములు నిలుపు మందుపై హక్కు చెప్పుకొనుట శాస్త్రధర్మము కాదని పెద్దలు వారించిరి. 1941లో ఫ్లోరీ పెనిసిలిను నిచ్చు బూజును వెంటబెట్టుకొని అమెరికాకు పోయెను. అచటివారు మందును పెద్దయెత్తున తయారుచేయు పద్ధతులను కనిపెట్టి వానిపై పేటెంట్లు పొందిరి. యుద్ధానంతరము ఆంగ్లేయ కంపెనీలు తమ గడ్డమీద పుట్టిన మందు కొఱకు పరదేశీయులకు రాయల్టీ చెల్లింపవలసివచ్చెను. ఈ కథ చెప్పగా చెప్పగా కొంత పెరిగినదనుటయు నిజమే. కాని ప్రభుత్వములు చరిత్రకంటె కథలకే త్వరగా కదలును. 1948 నాటి చట్టముతో అచట జాతీయ పరిశోధనాభివృద్ధి సంస్థ యేర్పడెను. అదే పేరుతో మన దేశమున 1953లో వెలసిన సంస్థ నేటికిని ఢిల్లీలో పనిచేయుచున్నది.

అయినను గాయము మానలేదు. 1975లో కేంబ్రిడ్జిలో మిల్‌స్టైన్, కోలర్ అను ఇరువురు మోనోక్లోనల్ యాంటీబాడీలను సృష్టించు విధానమును కనుగొన్నపుడు, విషయము ఆ బ్రిటిషు సంస్థ చెవిని పడియు పేటెంటు లేకయే పోయెను. 1984లో వారికి నోబెల్ బహుమతి వచ్చినది. వ్యాపారము మాత్రము అన్యులది. ఆ మరు సంవత్సరమే ప్రభుత్వము పరిశోధనాఫలములపై ఆ సంస్థకున్న ప్రథమాధికారమును తొలగించి, ఎవరి పరిశోధనాఫలమును వారే అమ్ముకొనుడని విశ్వవిద్యాలయములకు స్వేచ్ఛ నొసగెను.

స్వేచ్ఛ వచ్చినది గాని పని తెలిసినవారు రాలేదు. సభలో పత్రము చదివిన మరునాడు పేటెంటు కొఱకు పరుగెత్తుట ఆ దేశపు చట్టము ప్రకారము వ్యర్థమనియు, బహిర్గతమైన విషయమునకు నూతనత్వము చెల్లదనియు ఆచార్యునకు ముందుగా హెచ్చరించువాడు ఎవడు? ఒప్పందములోని ఒక్క షరతు రేపటి పరిశోధననే బంధించునని గుర్తించువాడు ఎవడు? ఇవి పుస్తకము చూచి నేర్చు విద్యలు కావు. మునుపు పొరపాటుచేసినవాని ప్రక్కన కూర్చుండి నేర్వవలసినవి. విశ్వవిద్యాలయ కంపెనీలవారు 1994లో యూనికో యను సంఘముగా కూడిరి; 2002లో అమెరికాలోని ఎం.ఐ.టి.కి చెందిన లీటా నెల్సన్, కేంబ్రిడ్జికి చెందిన డేవిడ్ సీచర్ కలిసి, ఆచరణలో ఉన్నవారే ఆచార్యత్వము వహించు ప్రాక్సిస్ శిక్షణను నెలకొల్పిరి. ఈ రెండును 2009లో ఏకమయ్యెను. పరిశ్రమలతో సంబంధములు నెరపు విశ్వవిద్యాలయోద్యోగుల సంఘమైన ఆరిల్ 2017లో వచ్చి చేరెను.

ఈ తుది కలయికయే నా దృష్టిలో ముఖ్యము. మొదట ఏకమైనవారి తలపు విక్రయము. ఆరిల్ వారి తలపు వినిమయము. మాటలు దగ్గరివే గాని దారులు వేఱు. విక్రయమే ధ్యేయమైనచో ఉపకులపతి యడుగు ప్రశ్న యొక్కటే: ఎంత వచ్చినది? జన్యువులను అతికించు కోహెన్-బోయర్ విధానముపై స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయము 468 కంపెనీలకు లైసెన్సు నిచ్చి సుమారు 25 కోట్ల డాలర్లు గడించిన కథ ఆయనకు ఎవరో చెప్పియుందురు. లాటరీ తగిలినవాని కథ విని ఊరంతయు టిక్కెట్లు కొన్నట్లు, ప్రతి విశ్వవిద్యాలయమును ఒక కార్యాలయము తెరచి కూర్చున్నది. వానిలో అనేకము తమ ఖర్చును తాము రాబట్టుకొనజాలవు. ఆ కోహెన్-బోయర్ లైసెన్సు కూడ ఒక్కరికే దఖలు పడక, స్వల్పరుసుముతో అడిగినవారికెల్ల దొరకుటచేతనే వ్యాపించినదను సంగతి మాత్రము కథలో జారిపోవును.

పత్రికా సంపాదకుడుగా నుండిన రిచర్డ్ లాంబర్ట్, విశ్వవిద్యాలయములకును పరిశ్రమలకును గల సంబంధములపై చేసిన 2003 నాటి సమీక్షలో ఈ భ్రమను సున్నితముగా ఛేదించెను: కొరత విశ్వవిద్యాలయముల సరఫరాలో కంటె కంపెనీల గిరాకీలోనే అధికమనియు, కొత్త కంపెనీలు పెట్టించు వేడుక మితిమీరినదనియు ఆయన తేల్చెను. ఆయన సూచన ననుసరించి తయారైన నమూనా ఒప్పంద పత్రములు ఉభయపక్షముల న్యాయవాదుల ఖర్చును తగ్గించినవి. ఇంగ్లండులో 2021లో తొలిసారి ప్రకటితమైన జ్ఞాన వినిమయ గణన, రాబడితోపాటు స్థానికప్రజలకు చేసిన సేవను సైతము లెక్కలో చేర్చినది. ఆలస్యమైనను ఇది సవ్యమైన త్రాసు.

పేరయ్య పని సక్రమముగా నెరవేరిన ఉదాహరణమునకు మనము సముద్రములు దాటనక్కరలేదు. ఆక్స్‌ఫర్డు వారి కరోనా టీకా, మహమ్మారి ఉన్నంతకాలము లాభము లేకుండ అమ్ముటకు సమ్మతించిన ఆస్ట్రాజెనెకా ద్వారా పుణేలోని సీరం సంస్థకు చేరి, కోవిషీల్డు పేర మన పల్లెల ఆరోగ్యకేంద్రములలో మన భుజములకు దిగినది. పెనిసిలిను నాటి పెద్దల ధర్మచింతయు, ఒప్పందపు కాగితమును ఒకేచోట ఇమిడిన సందర్భమిది.

సంఘమునకు మిగిలిన పరీక్ష మరియొకటి కలదు. దాని సభ్యులు విశ్వవిద్యాలయముల జీతగాండ్రు. తన పరిశోధన నుండి పుట్టిన కొత్త కంపెనీలో విశ్వవిద్యాలయము సగము వాటా కోరిన రోజులు గలవు. ఐరీన్ ట్రేసీ, ఆండ్రూ విలియమ్సన్ 2023 నవంబరులో ఈ విషయమై సమర్పించిన సమీక్ష, జీవశాస్త్ర కంపెనీలలో 10 నుండి 25 శాతమును, సాఫ్ట్‌వేరు వంటివానిలో 10 శాతము లేదా అంతకు తక్కువను తగిన వాటాగా సూచించెను. ఆ మాట సమీక్షకుల నోట వచ్చినది. ఇకమీదట యజమాని ఆశకు హద్దు చెప్పు మాట ఈ వృత్తివారి సంఘము నోటనే ముందుగా వినవలెనని కోరుచున్నాము.