బాలింత దిగులు

పురిటింటికి వచ్చినవారు బిడ్డ బరువెంతని అడుగుదురు. బాలింతకు నిద్ర పట్టుచున్నదా అని అడుగువారు అరుదు. ప్రసవమైన కొద్ది దినాలలో ఊరక కన్నీరు వచ్చుట చాలమంది తల్లులలో కనిపించునదే. రెండు వారాలలో అది తానే సర్దుకొనును. అట్లు సర్దుకొనక, బిడ్డ నిద్రించినను తనకు కునుకు రాక, 'నేను తల్లినగుటకు తగను' అను తలపు నాటుకొన్నచో అది వ్యాధియే. దానిని దిష్టి అనియో, గాలి సోకినదనియో చెప్పుకొను ఇండ్లు నేటికిని కలవు.

ఇది కేవలం దేహంలోని మార్పుల ఫలమనుట సగం మాట. గోవాలోను, వెల్లూరు ప్రాంతపు పల్లెలలోను జరిగిన రెండు పరిశోధనలు 2002లో వెలువడినవి. గోవాలో ప్రసవమైన ఆరు నుంచి ఎనిమిది వారాల నాటికి నూటికి 23 మంది తల్లులు కుంగుబాటుకు లోనై ఉండిరి. పేదరికం రెండు చోట్లను కారణంగా కనబడినది. ఆడశిశువు పుట్టుటయు అట్లే. గోవాలో భర్తతో పొసగమి, వెల్లూరు పల్లెలలో అత్తతో పొసగమి, పనిలో చేదోడు లేమి వీటికి తోడైనవి. కొడుకును కోరిన ఇంట 'ఆడపిల్ల' అను మాట వినబడిన వెనుక ఆవరించు మౌనం మొదట తాకునది బాలింతనే. ఆ మౌనానికి మందుల దుకాణంలో మందు లేదు.

ఇక మనస్సులోని హేతువులు. పూర్వం ఒకసారి కుంగుబాటు కలిగి ఉండుట, గర్భిణిగా ఎడతెగని ఆందోళన పడుట బలమైన సూచనలు. ప్రతి పొరపాటుకు తననే నిందించుకొను స్వభావం మరొకటి. బిడ్డ ఏడ్చిన ప్రతిసారి 'పాలు చాలుట లేదు కాబోలు' అని పదిమంది అనుచుండగా ఆ స్వభావం ఎంత ముదురునో ఊహింపవచ్చును.

తొలి కాన్పుకు పుట్టింటికి పంపు ఆచారం ఈ విషయంలో మంచిదే. అడుగకయే అందు సాయం అక్కడ ఉన్నది. అయితే మూడవ నెలనో, అయిదవ నెలనో అది ముగియును. అంతవరకు చుట్టపుచూపుగా వచ్చి పోయిన భర్త, బిడ్డను ఎత్తుకొనుట అప్పుడు నేర్చుకొనవలెను. తండ్రులలోను నూటికి సుమారు పదిమంది కుంగుబాటుకు గురియగుదురని 2010లో వెలువడిన ఒక సమీక్ష తేల్చినది. వారిలో పలువురు ఏడ్వరు. విసుగుకొందురు, ఇంటికి ఆలస్యంగా వత్తురు.

గుర్తించుట కష్టం కాదు. 1987లో ప్రకటితమైన ఎడింబరో ప్రశ్నావళిలో ఉన్నవి పది ప్రశ్నలే. చివరిది, తనకు తాను హాని చేసుకొను తలంపు కలిగినదా అనునది. ఆరవ వారపు టీకాకు తల్లి బిడ్డతో ఎట్లును వచ్చును. ఆ పూటనే అడుగవచ్చును. నయమగుటయు అసాధ్యం కాదు. పాకిస్తానులో రావల్పిండి పరిసర గ్రామాలలో, కుంగుబాటుతో ఉన్న గర్భిణులను ఆరోగ్య కార్యకర్తలు ఇండ్లకు పోయి కలిసి, వారి ఆలోచనల తీరును గూర్చి మాటాడిరి. ప్రసవమైన ఆరు నెలలకు వీరిలో నూటికి 23 మందిలో మాత్రమే వ్యాధి మిగిలినది. ఆ విధమైన సాయం అందనివారిలో 53 మందిలో. 2008లో ఆ ఫలితాలు వెలువడినవి. ఆ కార్యకర్తలు వైద్యులు కారు. మన ఆశా కార్యకర్తల వంటి గ్రామ స్త్రీలే.