పాత బండికి ఎర్త్ తప్పినప్పుడు

నాన్నగారి కాలంనాటి మోటారు సైకిలు యింకా వసారాలో నిలబడివున్న యిళ్ళు మన సంఘంలో కొన్ని వున్నాయి. 1955 నుంచి మద్రాసులో బిగిస్తూ వచ్చిన బుల్లెట్టు కావచ్చు. 1961 నుంచి 1996 వరకు మైసూరులో తయారైన జావా, యెజ్డీలలో ఒకటి కావచ్చు. ఇంజను రాయిలాగా వుంటుంది. కాని హారను కొడితే దీపం మసకబారుతుంది. బ్రేకు తొక్కితే వెనుక దీపం ప్రకాశించడానికి బదులు మందగిస్తుంది. ఇండికేటరు వేస్తే వెనుక దీపం కూడా దానితోపాటు కన్ను కొడుతుంది. "దీనికి వయస్సయిపోయింది, అమ్మేద్దాం" అనే మాట యింట్లో అప్పుడే పుడుతుంది. ఆ మాటకు ముందు ఒక్క పూట వెచ్చించి చూడవలసిన సంగతి వుంది. మెకానిక్కులు దానిని ఎర్త్ అంటారు.

యింటి ఎర్త్‌తో దీనికి సంబంధం లేదు. పెరట్లో గొయ్యి తీసి, ఉప్పూ బొగ్గూ పోసి భూమిలోకి దింపే తీగె వేరు. బండి రబ్బరు టైర్ల మీద నిలబడివుంటుంది, భూమితో దానికి పనేమిటి? బండిలో ఎర్త్ అనగా బ్యాటరీకి తిరుగు దారి. కరెంటు బ్యాటరీ ఒక కొస నుంచి తీగె గుండా దీపానికి పోతుంది. రెండవ కొసకు తిరిగి రావడానికి చాలాచోట్ల వేరే తీగె వేయక, ఇనుప ఫ్రేమునే తీగెగా వాడుకున్నారు. ఖర్చు తగ్గింది, తీగెల చిక్కూ తగ్గింది. కాని ఇనుముకూ ఇనుముకూ నడుమ త్రుప్పో, రంగో చేరిందంటే ఆ దారి మూసుకుపోతుంది. తీగె తెగితే కంటికి కనబడుతుంది, యిది కనబడదు. అందుకే వైద్యం ఒకచోట, రోగం ఒకచోట అవుతుంది.

మా వీధిలో ఒకరు తండ్రిగారి జావాకు పౌడర్ కోటింగు చేయించారు. ఫ్రేము అద్దంలాగా మెరిసింది. బిగించిన తరువాత దీపాలన్నీ మినుకుమినుకుమన్నాయి. ఒక షాపులో కొత్త బ్యాటరీ వేశారు. తరువాత రెగ్యులేటరు మార్చారు. ఆపైన వైరింగు మొత్తం మార్చాలన్నారు. చివరకు ఒక ముసలి మెకానిక్కు వచ్చి, బ్యాటరీ నుంచి ఫ్రేముకు వచ్చే తీగె బోల్టు విప్పి చూసి, "అర్త్ ఇల్ల స్వామీ" అన్నాడు. బోల్టు కింద దళసరిగా రంగు. రూపాయి బిళ్ళంత మేర గీకి బిగించాడు, దీపాలు వచ్చాయి. పౌడర్ కోటింగు త్రుప్పుకు మంచి అడ్డే, కాని కరెంటుకూ అంతే అడ్డు. రంగుకు యిచ్చేటప్పుడే ఎర్త్ బోల్టుల చోట్లు కప్పివుంచమని చెప్పవలెను. చెప్పకపోతే కప్పరు; అందం వారి పని, దీపం వారి పని కాదు.

ఎక్కడ వెతకాలంటారా? అన్ని దీపాలూ ఒకేసారి మసకబారితే బ్యాటరీని గాని, బ్యాటరీ వద్ద ఎర్త్‌ను గాని అనుమానించండి. ఛార్జి నిండి, కొన్ని గంటలు విశ్రాంతిగా వున్న 12 వోల్టుల బ్యాటరీ 12.6, 6 వోల్టులది 6.3 చూపాలి. ఒక మూలనే తంటా అయితే ఆ మూలలోనే చూడండి. వెనుక దీపం మడ్‌గార్డు బోల్టుల మీద ఆధారపడివుంటుంది, అక్కడ బురద, త్రుప్పు సహజం. ముందు డూముకు విడిగా ఎర్త్ తీగె లేకపోతే కరెంటు హ్యాండిలు కిందనున్న కోన్ సెట్టు గుండ్లను దాటి రావాలి, ఆ గుండ్లేమో గ్రీజులో మునిగివుంటాయి. హ్యాండిలు తిప్పినప్పుడల్లా వెలుగు మారుతుంటే కారణం యిది కావచ్చు. డూము నుంచి ఫ్రేముకు ఒక తీగె విడిగా వేస్తే ఆ బెడద వుండదు.

పరీక్షకు మూరెడు తీగె చాలు. దీపం వెలుగుతుండగా దాని ఇనుప తొడుగును బ్యాటరీ ఎర్త్ కొసకు ఆ తీగెతో కలపండి. వెంటనే వెలుగు పెరిగిందా, రోగం దొరికింది. మల్టీమీటరు వుంటే ఆ రెండు చోట్ల మధ్యనే వోల్టులు చూడండి: 0.1, 0.2 అయితే ఫరవాలేదు, అర వోల్టు దాటితే విప్పి గీకవలసిందే. మీటరు కీచుమని మోగే పరీక్షను మాత్రం నమ్మకండి. తీగెలో ఒక్క పోగు మిగిలివున్నా అది మోగుతుంది, దీపం మోయలేదు.

6 వోల్టుల బండ్లకు యీ జబ్బు మరీ కీడు. 30 వాట్ల దీపం అక్కడ 5 ఆంపియర్లు లాగుతుంది. దారిలో 0.2 ఓము అడ్డు వస్తే సుమారు ఒక వోల్టు పోతుంది, వెలుగు నూటికి నలభై పాళ్ళ వరకు తగ్గుతుంది. 12 వోల్టుల బండిలో అదే అడ్డుకు పోయేది అర వోల్టే. రాత్రిపూట హైవే మీద గుంత కనబడడమూ కనబడకపోవడమూ యీ లెక్కలోనే వుంది.

గీకడానికి ఉప్పు కాగితం, పళ్ళున్న వాషరు, బిగించాక పైన కాస్త వాసెలీను. అంతే.

దీనికి తలక్రిందులైన జబ్బు మరొకటి: ఎర్త్ కాకూడని తీగె ఎర్త్ కావడం. హ్యాండిలు మలుపులోనో, సీటు కిందనో పై తొడుగు ఒరిగి రాగి ఫ్రేమును తాకుతుంది, ఫ్యూజు పోతుంది. కొందరు ఫ్యూజుకు బదులు సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం చుడతారు. పెట్రోలు ట్యాంకు కింద ఆ పని చేయడం నిప్పుతో చెలగాటమే. ఫ్యూజు స్థానంలో బండి వోల్టుకు తగిన హెడ్‌లైటు బల్బు ఒకటి తగిలించి, స్విచ్చులన్నీ కట్టివేసి చూడండి. బల్బు వెలుగుతుంటే తీగెల జోడింపులు ఒక్కొక్కటిగా ఊడదీయండి. ఏది ఊడితే బల్బు ఆరుతుందో తప్పు ఆ తీగెలో వుంది. స్విచ్చులు కట్టినప్పుడు బల్బు వెలగకపోతే, ఒక్కొక్క స్విచ్చే వేసి చూడండి. బల్బు నిండుగా వెలిగిన చోట వెతకాలి.

కొత్త బ్యాటరీ వేసేముందు ఏ కొస ఫ్రేముకు కలిసివుందో చూసుకోండి. పాత ఇంగ్లండు బండ్లలో చాలావాటికి ప్లస్సు ఎర్త్ వుండేది, తరువాతివాటికి మైనస్సు. బండి పుస్తకం వుంటే అందులో చూడండి, అలవాటు కొద్దీ తగిలించకండి. ఏదైనా సరే, ఫ్రేముకు కలిసిన తీగెను ముందు విప్పి, బిగించేటప్పుడు దానిని చివరకు వుంచండి. అప్పుడు రెండవ కొస విప్పుతుండగా పానా ఫ్రేముకు తగిలినా రవ్వ లేవదు.