నచ్చిన పార్టీకా? ఓడించగల పార్టీకా?

ఎన్నికల ప్రకటన వెలువడిన మరునాటి నుండే మన బస్తీలలో, మస్జిదు ముంగిళ్లలో, టీ కొట్ల బల్లల దగ్గర ఒక పాత వాదం కొత్తగా మొదలవుతుంది. “మన మనసు ఎవరిని మెచ్చితే వారికే వేద్దాం, గెలుపోటములు అల్లాహ్ చేతిలో ఉన్నాయి” అంటారు ఒకరు. “గెలవలేని వారికి వేసిన ఓటు మురిగిపోతుంది. మనకు కీడు తలపెట్టేవారిని ఎవరు ఓడించగలరో చూసి వారికే వేద్దాం” అంటారు మరొకరు. ఫలితాలు వెలువడిన రాత్రి ఒక పక్షం మరో పక్షాన్ని ద్రోహులంటుంది. ఆ పక్షం వీరిని పిరికివారంటుంది. ఐదేళ్ల తర్వాత మళ్లీ అదే వాదం, అవే నిందలు.

ఈ రెండు వాదనలలోనూ సత్యం ఉన్నదని, ఏ ఒక్కదానిలోనూ అది సంపూర్ణంగా లేదని మా అభిప్రాయం. అన్ని నియోజకవర్గాలకు, అన్ని ఎన్నికలకు చెల్లుబాటయ్యే ఒకే సమాధానం ఉండదు. అయితే ఎక్కడైనా మారని సంగతి ఒకటి ఉన్నది. షరతు లేకుండా ఇచ్చిన ఓటును, అది అభిమానంతో ఇచ్చినదైనా భయంతో ఇచ్చినదైనా, పుచ్చుకున్నవారు లెక్కచేయరు.

ముందుగా మన ఎన్నికల పద్ధతిని గుర్తు చేసుకోవాలి. పోలైన ఓట్లలో సగానికి మించి రావాలన్న నియమం ఇక్కడ లేదు. పోటీదారులందరిలో ఎక్కువ ఓట్లు వచ్చినవారే విజేత. 2014 లోక్‌సభ ఎన్నికలలో భారతీయ జనతా పార్టీకి దేశవ్యాప్తంగా వచ్చినవి 31 శాతం ఓట్లు, సీట్లు 282. అదే ఎన్నికలో ఉత్తరప్రదేశ్‌లో బహుజన సమాజ్ పార్టీకి దాదాపు 20 శాతం ఓట్లు వచ్చాయి. సీటు ఒక్కటీ రాలేదు. జనాభాలో ముస్లింలు 19 శాతానికి పైగా ఉన్న ఆ రాష్ట్రం నుండి, 80 స్థానాలలో ఒక్క ముస్లిం కూడా ఆనాడు లోక్‌సభలో అడుగు పెట్టలేదు. నాలుగేళ్ల తర్వాత కైరానా ఉపఎన్నికలో ప్రతిపక్షాలు ఒకే అభ్యర్థి వెనుక నిలిచినప్పుడే, 2018లో తబస్సుమ్ హసన్ గెలుపుతో ఆ లోటు కొంత తీరింది. ఓట్లు చీలితే ఏమవుతుందో, కలిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు.

మన ముంగిటనే ఉన్న నిజామాబాద్ మరింత లోతైన పాఠం చెబుతుంది. 2020లో అక్కడి నగరపాలక సంస్థకు ఎన్నికలు జరిగాయి. 60 డివిజన్లలో బీజేపీకి 28, మజ్లిస్‌కు 16, టీఆర్‌ఎస్‌కు 13, కాంగ్రెస్‌కు 2 దక్కాయి. అతి పెద్ద పార్టీ బీజేపీయే అయినా మేయర్ పీఠం దానికి దక్కలేదు. మజ్లిస్ మద్దతుతో టీఆర్‌ఎస్ మేయర్ పదవి చేపట్టింది. ఉపమేయర్ పదవి మజ్లిస్‌కు వచ్చింది. అంటే ఆ 16 డివిజన్లలో తమకు నచ్చిన పార్టీకి వేసినవారి ఓటు మురిగిపోలేదు. ఎన్నిక ముగిశాక బేరమాడే శక్తిగా మారింది.

మూడేళ్ల తర్వాత, 2023 శాసనసభ ఎన్నికలలో నిజామాబాద్ అర్బన్ ఫలితం వేరుగా వచ్చింది. బీజేపీ అభ్యర్థికి సుమారు 75 వేల ఓట్లు, కాంగ్రెస్ అభ్యర్థి షబ్బీర్ అలీకి దాదాపు 60 వేలు, బీఆర్‌ఎస్ అభ్యర్థికి దాదాపు 45 వేలు వచ్చాయి. ఓడిన ఇద్దరి ఓట్లూ కలిపితే లక్ష దాటుతాయి. పొరుగున ఉన్న కామారెడ్డిలోనూ ఇదే జరిగింది. కేసీఆర్, రేవంత్ రెడ్డి ఇద్దరూ ఓడిపోగా బీజేపీ అభ్యర్థి 6 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు. ఆ రెండు పార్టీల ఓట్లన్నీ ఒకచోటికి చేరి ఉండేవని ఎవరూ పూచీ ఇవ్వలేరు. ఏ పార్టీ ఓటరూ మరొకరి సొత్తు కాదు. అయినా ఒక తేడా మాత్రం గమనించాలి. డివిజన్లవారీగా సభ్యులను ఎన్నుకొని, ఆ సభ్యులు మేయర్‌ను ఎన్నుకునే చోట పొత్తును ఎన్నిక తర్వాతైనా కుదుర్చుకోవచ్చు. ఒకే ఒక్క సీటు ఉన్న శాసనసభ నియోజకవర్గంలో ఆ అవకాశం లేదు. అక్కడ పొత్తు కుదరవలసింది పోలింగ్‌కు ముందే. పార్టీలు కుదుర్చుకోకపోతే ఓటరే కుదుర్చుకోవాలి. ఒకే పట్టణంలో ఒకే ప్రజలు, రెండు ఎన్నికలు, రెండు ఫలితాలు. ఏ ఎన్నికలో ఏ ఓటు అన్న ప్రశ్నకు సగం జవాబు ఇందులోనే ఉన్నది.

ఇక రెండవ సగం. ఓడించడానికే వేసే ఓటుకు మూల్యం లేదా? ఉన్నది. 2021లో పశ్చిమ బెంగాల్ ముస్లిం ఓటర్లు, మాల్దా, ముర్షిదాబాద్ వంటి పాత కాంగ్రెస్ కోటలలో సైతం, పెద్ద ఎత్తున తృణమూల్ వైపు మొగ్గారు. బీజేపీ 77 స్థానాల వద్ద ఆగింది. కానీ అదే ఎన్నికలో కాంగ్రెస్, వామపక్షాలు ఒక్క సీటూ లేకుండా తుడిచిపెట్టుకుపోయాయి. ఈ ఓటరుకు వెళ్లడానికి వేరే గడప లేదని పాలకపక్షానికి తెలిసిపోయాక, వాకిట నిలబడి అడిగినా తలుపు తెరవడానికి తొందర ఏముంటుంది?

బీహార్ సీమాంచల్‌లో ఇదే ఆలోచన వేరే దారి పట్టింది. దశాబ్దాలుగా లౌకిక కూటమికి ఓటేసినా వరదలు, వలసలు, చదువు లేమి తమను వదలలేదన్న ఆక్రోశంతో అక్కడి ఓటర్లు 2020లో మజ్లిస్ నుండి ఐదుగురిని గెలిపించారు. 2022లో వారిలో నలుగురు ఆర్జేడీలో చేరిపోయారు. అయినా 2025లో ఆ ప్రాంతం మళ్లీ ఐదు స్థానాలు మజ్లిస్‌కే ఇచ్చింది. అదే సమయంలో ఎన్డీయే 202 స్థానాలతో అధికారం నిలుపుకుంది. సీమాంచల్ ఓటరును తప్పుపట్టడం తేలిక. “మీరు మాకు పొత్తులో చోటివ్వరు, మా సమస్యలకు ప్రణాళికలో చోటివ్వరు, మా ఓటు మాత్రం మీ హక్కంటారు” అన్న అతని ప్రశ్నకు జవాబివ్వడం కష్టం. మరోవైపు 2024లో అస్సాంలోని ధుబ్రీ ఓటర్లు తమ సొంత పార్టీగా ఎంచిన ఏఐయూడీఎఫ్ నాయకుణ్ణి 10 లక్షలకు పైగా ఓట్ల తేడాతో ఓడించి కాంగ్రెస్‌ను గెలిపించారు. ముస్లింలు కళ్లు మూసుకొని ఒకే చోట ఓటేస్తారన్న ప్రచారానికి ఈ రెండు ప్రాంతాలే సమాధానం.

మనల్ని ఓటు బ్యాంకు అంటారు. ఆ బ్యాంకులో సొమ్ము మనదే. పాస్‌బుక్కు మాత్రం ఎప్పుడూ పార్టీల జేబులోనే ఉంటున్నది. తెలంగాణలో 12 శాతం రిజర్వేషన్ల వాగ్దానం ఏమైంది? 2017 ఏప్రిల్‌లో శాసనసభ బిల్లు ఆమోదించింది. కేంద్రం ఆమోదం రాలేదు. వాగ్దానం మాత్రం మరో రెండు ఎన్నికలకు పనికివచ్చింది. ఉన్న 4 శాతం కోటా నేటికీ 2010 నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఆసరాతోనే నిలిచి ఉన్నది. 2023 డిసెంబరులో ఏర్పడిన ప్రభుత్వంలో దాదాపు రెండేళ్లు ఒక్క ముస్లిం మంత్రి లేరు. ముస్లిం అభ్యర్థులు గెలవలేదు గనుక అన్నారు. మరి 2025 అక్టోబరు 31న అజహరుద్దీన్ ప్రమాణ స్వీకారం చేసినప్పుడూ ఆయన శాసనసభ్యుడు కాదు గదా! జూబ్లీహిల్స్ ఉపఎన్నిక ముంగిట సాధ్యమైనది అంతకుముందు 22 నెలలు ఎందుకు అసాధ్యమైందో ఆలోచించవలసింది మనమే. ఏరు దాటాక తెప్ప తగలేయడం పార్టీల అలవాటు. ఏరు దాటక ముందే మాట తీసుకోకపోవడం మన అలవాటు.

ఆంధ్రప్రదేశ్‌లో చిక్కు మరో రకం. అక్కడ బీజేపీ సొంత బలం తక్కువ. కనుక ఓడించగలవారు ఎవరన్న లెక్కకు అర్థమే మారిపోతుంది. 2019లో పౌరసత్వ సవరణ బిల్లుకు వైఎస్సార్‌సీపీ, తెలుగుదేశం రెండూ పార్లమెంటులో మద్దతు పలికాయి. 2024లో తెలుగుదేశం, జనసేన బీజేపీతో కలిసి పోటీ చేసి 175లో 164 స్థానాలు గెలిచాయి. అదే కూటమి నుండి నంద్యాల, గుంటూరు తూర్పు, మదనపల్లెలలో ముగ్గురు ముస్లింలు శాసనసభ్యులయ్యారు. వారిలో ఒకరు మైనారిటీ సంక్షేమ మంత్రి కూడా. 2025 ఏప్రిల్‌లో లోక్‌సభ 288–232 ఓట్లతో వక్ఫ్ సవరణ బిల్లును ఆమోదించినప్పుడు తెలుగుదేశం, జనసేన అనుకూలంగా నిలిచాయి. లోక్‌సభలో వైఎస్సార్‌సీపీ వ్యతిరేకించింది. తమ సూచనలతో బిల్లులో కొన్ని మార్పులు జరిగాయని తెలుగుదేశం చెప్పుకుంది. ఇటువంటి చోట పార్టీ జెండాను, అభ్యర్థి పేరును చూసి నిర్ణయిస్తే మోసపోతాం. చట్టసభలో మీట నొక్కవలసి వచ్చిన రోజున ఎవరు ఎటు నొక్కారో, ఎవరు సభకే రాలేదో, ఆ లెక్కే కొలమానం కావాలి.

మరొక హెచ్చరిక కూడా చేయవలసి ఉన్నది. ఓట్లన్నీ ఒకచోట పోగుచేస్తే చాలు గెలుపు ఖాయమన్నది భ్రమ. 2022లో ఉత్తరప్రదేశ్ ముస్లిం ఓటర్లలో అత్యధికులు సమాజ్‌వాదీ కూటమి వెనుక నిలిచారు. అయినా 403 స్థానాలలో బీజేపీ 255 గెలిచింది. తెలంగాణలో మన వాటా 2011 జనగణన ప్రకారం 12.7 శాతం, ఆంధ్రలో అంతకంటే తక్కువ. దళితులు, వెనుకబడిన తరగతులు, రైతులు, కార్మికులతో కలవని ఏ వ్యూహమైనా కాగితం మీదనే గెలుస్తుంది. పైగా “మా ఓట్లన్నీ ఫలానా పార్టీకే” అంటూ వేదికల మీద చేసే ప్రకటనలు మనకంటే ఎదుటి పక్షానికే ఎక్కువ ఉపయోగపడతాయి. మతం పేరిట ఓటు అడగడం ప్రజా ప్రాతినిధ్య చట్టం ప్రకారం అక్రమం. 2017లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని మరింత విస్తృతంగా వ్యాఖ్యానించింది. అందుకే మేము ఏ పార్టీ పేరూ సూచించడం లేదు. పౌరులుగా ఆలోచించే పద్ధతిని మాత్రమే చర్చకు పెడుతున్నాం.

ఆ పద్ధతి ఇలా ఉండాలని మేము భావిస్తున్నాం. పంచాయతీ, మునిసిపల్ ఎన్నికలలో మనసుకు నచ్చినవారికే వేద్దాం. అక్కడ నష్టభయం తక్కువ, కొత్త నాయకత్వం మొలకెత్తేది అక్కడే, నిజామాబాద్ చూపినట్లు బేరశక్తి పుట్టేదీ అక్కడే. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలలో మాత్రం రెండు ప్రశ్నలు వేసుకుందాం. మన హక్కులకు హాని చేసేవారు ఈ నియోజకవర్గంలో గెలిచే ప్రమాదం నిజంగా ఉన్నదా? ఉంటే, వారిని ఓడించగల స్థితిలో ఎవరున్నారన్నది గత ఎన్నికల అంకెలు చెబుతున్నాయా, లేక ఎవరో లేపిన పుకారా? రెండింటికీ స్పష్టమైన జవాబు దొరికినప్పుడే అభిమానాన్ని పక్కన పెట్టాలి. ప్రమాదం లేని చోట, ఫలితం ముందే తేలిపోయిన చోట భయపడి ఓటేయడం వృథా. అక్కడ నచ్చిన పార్టీకి పడిన ప్రతి ఓటూ దాని రేపటి బలం.

ఓడించడానికి ఓటేసినా ఊరికే వేయరాదు. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. 4 శాతం రిజర్వేషన్ కేసులో ప్రభుత్వ వాదన, వక్ఫ్ ఆస్తుల రికార్డులు, ఉర్దూ మాధ్యమ పాఠశాలల్లో ఖాళీ పోస్టులు, నామినేటెడ్ పదవులలో వాటా — ఇటువంటి నాలుగైదు అంశాలపై అభ్యర్థి నుండి పోలింగ్‌కు ముందే రాతపూర్వకంగా మాట తీసుకోవాలి. ఏడాదికొకసారి అదే కాగితం చేతబట్టుకొని ఊరి సభలో లెక్క అడగాలి. ఈ చర్చలో ఇంటి ఆడపడుచులు తప్పక ఉండాలి. ఓట్లలో సగం వారివి. మగవారు నిర్ణయించి చీటీ చేతిలో పెట్టే పద్ధతి ఇక చాలు. అన్నిటికంటే ముందు జాబితాలో పేరుండాలి. 2025లో బీహార్ ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణలో ముసాయిదా దశలోనే సుమారు 65 లక్షల పేర్లు లేకుండాపోయాయి. పేరే లేనివారికి ఎవరికి వేయాలన్న ప్రశ్నే ఉదయించదు.

ఓటు ఒక షహాదత్ అని, ఒక అమానత్ అని ఉలమా చెబుతూ వచ్చారు. నచ్చనివారికి ఓటేస్తే అది తప్పుడు సాక్ష్యం కాదా అని మనస్సాక్షి గల యువకులు మమ్మల్ని అడుగుతుంటారు. రెండు కీడులు ఎదురైనప్పుడు తక్కువ కీడును ఎంచుకోవాలన్న ఫిఖ్‌హ్ సూత్రం మనకు కొత్త కాదు. అయితే ఆ సూత్రం అవసర కాలానికి చెప్పినది. దానినే శాశ్వత నివాసం చేసుకోమని ఎవరూ చెప్పలేదు. ప్రతి ఎన్నికలోనూ తక్కువ కీడునే వెతుక్కోవలసి వస్తున్నదంటే, ఎన్నికకూ ఎన్నికకూ నడుమ దొరికిన ఐదేళ్లలో మేలైనదాన్ని నిర్మించే పని మనం చేయలేదన్న మాట. ఇల్లు అలకగానే పండుగ కాదు. పోలింగ్ కేంద్రంలో గడిపే నిమిషం గురించి ఇంతగా వాదించుకునే మనం, మిగిలిన ఐదేళ్ల గురించి అందులో పదో వంతైనా మాట్లాడుకుంటే, నచ్చిన పార్టీయే ఓడించగల పార్టీ కూడా అయ్యే రోజు రాకపోదు, ఇన్షా అల్లాహ్.