ఆగిన లారీలో చల్లదనమెక్కడ?

మూడున్నర టన్నులకు మించిన స్థూల బరువుగల లారీలు 2025 అక్టోబరు 1 తరువాత తయారైనచో, వాని క్యాబిన్‌కు ఎయిర్ కండిషనర్ ఉండి తీరవలెనని కేంద్ర ప్రభుత్వము నిబంధన చేసినది. ఇంజను సెగ ప్రక్కనే కూర్చుండి వేల కిలోమీటర్లు సరుకు మోయు డ్రైవరును ఇన్నాళ్లకైనను తలచుకొనుట హర్షింపదగినదే. కాని ఈ చల్లదనము చక్రము తిరుగుచున్నంత సేపే. డ్రైవరు కన్ను మూయునది ఇంజను ఆగిన పిదప. నిబంధన ఆ జోలికి పోలేదు.

తెలుగు పాఠము చెప్పుకొనువానికి ఆంపియర్లతో పనియేమని విద్యార్థులు నవ్వుకొనవచ్చును. ఈ లెక్కకు గుణకారము వచ్చిన చాలును.

లారీలోని ఏసీ కంప్రెసరును సాధారణముగా ఇంజనే బెల్టు ద్వారా త్రిప్పును. ఇంజను ఆగగానే అదియు ఆగును. బ్యాటరీతో నడుపరాదా అందురేమో. భారీ లారీలలో 12 వోల్టుల బ్యాటరీలు రెండింటిని వరుసగా కలిపి 24 వోల్టులు రాబట్టుదురు. ఒక్కొక్కటి 120 ఆంపియర్-గంటలదనుకొన్నచో మొత్తము 2,880 వాట్-గంటలు. సీసపు బ్యాటరీని సగమునకు మించి పిండినచో దాని ఆయువు తరుగును. కనుక చేతికందునది 1,440 మాత్రమే. ఇంటి గదిలో వాడు ఒక టన్ను ఏసీని ఇన్వర్టరుతో నడిపినచో, వేయి వాట్ల చొప్పున, గంటన్నరకైనను రాదు. క్యాబిన్ కొరకే చేసిన చిన్న యంత్రము 450 వాట్లతో సరిపెట్టుకొన్నను మూడు గంటలకు మించి నడువదు. అంతకు మించి ఆశపడినచో తెల్లవారుజామున సెల్ఫు కొట్టగానే ఇంజను మూలుగునే గాని లేవదు. నిండు లోడు లారీని తోయువారెవరు?

పోనీ, రాత్రంతయు ఇంజనును తిరుగనిత్తమన్నచో, పెద్ద డీజిల్ ఇంజను ఊరక నిలిచియు గంటకు రెండు మూడు లీటర్లు త్రాగును. ఎనిమిది గంటల నిద్రకు ఇరువది లీటర్లు! ఆ డీజిలుకు యజమాని లెక్క అడుగక మానడు. ఆ పొగ ప్రక్క లారీలో పండుకొన్నవాని ముక్కులోనికే పోవును. కాలిఫోర్నియాలో భారీ డీజిల్ వాహనములు ఐదు నిమిషములకు మించి ఊరక ఇంజను నడుపుటను నిషేధించినారు.

అదే అమెరికాలో ఇంటినే చక్రములపై మోసికొనిపోవు ఆర్.వి. బండ్లున్నవి. అందు ఇంజనును లేపు బ్యాటరీ వేరు, ఇంటి వాడుకకు బ్యాటరీ వేరు. బండి నడుచునపుడు ఆల్టర్నేటరు రెండింటిని నింపగలదు. ఆగినపుడు ఒకటి ఖాళీయైనను రెండవదానికి లోటు రాదు. లిథియం బ్యాటరీ అయినచో ఎక్కువ భాగము వాడుకొనవచ్చును. కాని అది కరవుగొన్నట్లు విద్యుత్తు గుంజి ఆల్టర్నేటరును కాల్చివేయకుండ మధ్య తగిన చార్జరుండవలెను. వినోదయాత్రకు పోవు కుటుంబమునకు కల్పించుకొన్న వసతి, పొట్టకూటికై రోడ్డుపై రాత్రులు గడపువానికి అధికమెట్లగును? వేరు బ్యాటరీని, ఆగియున్నపుడు నడుచు చిన్న ఏసీని కూడ నిబంధనలో చేర్చవలెనని నా అభిప్రాయము.

ఖర్చని యజమానులు గొణుగుదురు. నిద్రలేని డ్రైవరు చేతిలోని స్టీరింగుకు మాత్రము ఖర్చు లేదా?

ఇక పాత లారీల సంగతి. వానికి ఈ నిబంధన వర్తింపదు. పైకప్పు లోపల వేడి నాపు మందపు పొర, కిటికీలకు దోమతెర, బ్యాటరీని నొప్పింపని చిన్న ఫ్యాను – ఇవి నేడే అమర్చుకొనదగినవి. నీటి కూలరు నల్లగొండ పొడి ఎండలో పనిచేయునేమో గాని, కోస్తా ఉక్కపోతలో దానివలన చెమటయే మిగులును.